పసుపు తాడు లోపల

జనవరి 6

అక్షరదోషాలుంటే మన్నించాలి. నా చేతిరాత కూడా బాగోదు. ఐదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత పెన్ను పట్టుకున్నది పెళ్ళి రిజిస్టరులో సంతకం పెట్టడానికే. అసలు ఎవరిని మన్నించమంటున్నానో నాకే తెలియదు. మా ఆయన కూలీల హాజరు రాసుకోవడానికి తెచ్చిన రెండు పుస్తకాల్లో ఒకటి మిగిలిపోయింది. అందులో రాస్తున్నాను. ఇక్కడ మాట్లాడటానికి ఎవరూ లేరు. ఉన్నా నేను మాట్లాడను, అది వేరే సంగతి.

ఈ గదిలోకి వచ్చి ఐదు నెలలైంది. ముందు బస్సులు తిరిగే రోడ్డు, వెనక ఫ్యాక్టరీ గోడ, మధ్యలో ఈ చెట్లు. పార్కుల ఆఫీసువాళ్ళు దీన్ని అడవి బడి అంటున్నారు. నాలుగు స్కూళ్ళ పిల్లలు వంతులవారీగా వచ్చి చెట్ల కింద పాఠాలు చదువుకుంటారట. మేము వచ్చేసరికి ఇక్కడ పాఠం సంగతి అలా ఉంచి, కాలు పెట్టడానికే చోటు లేదు. చిరిగిన పరుపులు, పగిలిన సింకులు, సీసాలు, ఎవరిదో సగం సోఫా. ఊరంతా ఇళ్ళు సర్దుకుని మిగిలినవి ఇక్కడ పడేసినట్టుండేది. ఆయనా, ఇంకో నలుగురు కూలీలూ కలిసి నాలుగు నెలలు ఎత్తిపోశారు. గాజుపెంకులు ఏరింది నేను. నా వేళ్ళు చూస్తే తెలుస్తుంది.

కూలీలు వెళ్ళిపోయారు. ఆయన్ని మాత్రం ఇక్కడే కాపలాకు ఉంచారు. ఈ గది కూడా ఆ ఉద్యోగంతో వచ్చిందే. కానీ ఖాయం చెయ్యలేదు. మార్చి ఒకటిన పిల్లలు వస్తారు. ఆలోగా పని నచ్చితే ఉంచుతారు. నచ్చకపోతే వేరే మనిషి వస్తాడు, మేము వెళ్ళిపోతాం.

ఎక్కడికి అన్నది ఆయన ఇంకా అనలేదు. నేనూ అడగలేదు.

జనవరి 9

ఆ నాలుగు స్కూళ్ళలో ఒకదాన్నుంచి సైన్సు మేడమ్ వచ్చారు. నేను తలుపు వెనక నిలబడి చూశాను. గోడ మూలన పడిపోయిన చెట్టు మాను ఒకటుంది. ఆవిడ చీర నలుగుతుందని కూడా చూసుకోకుండా దాని పక్కన చతికిలబడి, అరగంటసేపు దాన్ని పట్టి పట్టి చూస్తూ తనలో తానే ఏదో అనుకున్నారు. ఆకులు ఎత్తి చూసి, మళ్ళీ అలాగే కప్పారు. పడుకున్న పిల్లకు దుప్పటి కప్పినట్టు. తర్వాత చుట్టూ నాలుగు కర్రలు పాతి పసుపు తాడు కట్టించారు.

ఆవిడకు ఆయన పురుగుల మేడమ్ అని పేరు పెట్టారు.

టీకి వచ్చినప్పుడు ఆయన తాడు గురించి ఏదో చెప్పారు. నేను టీ వడపోస్తున్నాను. సరిగ్గా వినలేదు.

జనవరి 11

బట్టలు ఉతికాను. గాలి ఎక్కువగా ఉంది.

జనవరి 17

అత్తయ్య వచ్చారు. పది రోజులుంటారట. గేటు దాటగానే మొదలుపెట్టారు.

"తోటలో ఉద్యోగమని పదిమందికీ చెప్పుకున్నాను కదరా. ఇదేనా తోట?"

"తోట కాదమ్మా, అడవి."

"అడవికి కాపలా ఎందుకురా, లేచి పారిపోతుందా?"

ఆయన నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గాని లోపలికి వెళ్ళి నవ్వుకున్నాను. మంచినీళ్ళు తెచ్చిస్తే గ్లాసు అందుకుంటూ, "ఏమ్మాయ్, నీకు నోరుందా, పుట్టింట్లో మర్చిపోయొచ్చావా?" అన్నారు. ఉందత్తయ్యా అన్నాను. "హమ్మయ్య" అన్నారు.

జనవరి 20

ఇరవై ఐదున పార్కుల ఆఫీసరు చూడటానికి వస్తున్నారు. మా ఆయన బాటకు రెండువైపులా ఇటుకలు పేరుస్తున్నారు. అత్తయ్య అంతా తిరిగొచ్చి, "అంతా బాగుంది గాని, ఆ గోడ మూల ఏంటి? ఇల్లంతా ఊడ్చి చెత్త తలుపు వెనక దాచినట్టుంది. వచ్చినవాళ్ళు ముందు అదే చూస్తారు" అన్నారు. నాతోనే అన్నారు. ఇంట్లో ఆడది ఉండగా ఇదేంటన్నట్టు.

చెత్త ఎత్తేటప్పుడు కూలీలకు ఒక పద్ధతి ఉండేది. ఇంకా శుభ్రం చెయ్యని చోటు చుట్టూ తాడు కట్టేవాళ్ళు. అయిపోగానే విప్పి తర్వాతి చోట కట్టేవాళ్ళు. నాలుగు నెలలూ అలాగే జరిగింది. తాడు ఉందంటే అక్కడ పని మిగిలిందని అర్థం. ఆ సంగతి ఇక్కడ రాసి పెడుతున్నాను.

జనవరి 22

ఈరోజు ఆయన బెంచీలు తేవడానికి ఆఫీసుకు వెళ్ళారు. నేను కొంగు బిగించి, పుల్లల చీపురు, తట్ట, గునపం తీసుకుని గోడ మూలకు వెళ్ళాను.

ఎన్నేళ్ళ ఆకులో. పైన కరకరలాడేవి, కింద తడిగుడ్డల్లా అతుక్కున్నవి, ఇంకా కింద టీపొడిలా నల్లగా పొడి పొడి. అంతా గోకి తీశాను. మాను గట్టిదేమో అనుకున్నాను గాని గునపం పెట్టగానే మూడు ముక్కలైంది. లోపలనుంచి రోకలిబండ పురుగులు, జెర్రులు, తెల్లటి లావు పురుగులు, పేర్లు తెలియనివి ఎన్నో వచ్చాయి. నన్ను చూసి పారిపోయాయి. అంటే అవి ఉండకూడని చోట ఉన్నట్టే. మానుకు పట్టిన నాచు, చెవుల్లా మొలిచిన పుట్టగొడుగులు కూడా గీకేశాను. ముప్పై ఒక్క తట్టలైంది. గోడ చివరున్న గుంటలో పోశాను. మాను ముక్కలు దొర్లించుకుంటూ తీసుకెళ్ళాను. చివరికి నీళ్ళు చల్లి మళ్ళీ ఊడ్చాను. నేల అద్దంలా తయారైంది.

అత్తయ్య నడుం మీద చేతులేసుకుని చూసి, "ఇప్పుడు మనుషులు తిరిగే చోటులా ఉంది. నీకు పని వచ్చునే" అన్నారు. పెళ్ళైన ఇన్నాళ్ళకు ఆవిడ నన్ను ఒక మంచి మాట అనడం ఇదే.

తాడు విప్పి, చుట్ట చుట్టి, కిటికీలో పెట్టాను.

సాయంత్రం ఆయన వచ్చారు. మూల దగ్గర చాలాసేపు నిలబడ్డారు. అలసిపోయి ఉంటారు. కాళ్ళు కడుక్కుని అన్నం తిన్నారు.

జనవరి 23

తాడు గురించి ఆయన చెప్పినప్పుడు నేను టీ వడపోస్తున్నాను. ఇది ముందే రాశాను.

జనవరి 25

ఆఫీసరు, పురుగుల మేడమ్ కలిసి వచ్చారు. నేను తలుపు వెనకే ఉన్నాను. బాట చూశారు, బెంచీలు చూశారు, బాగుంది బాగుంది అన్నారు. తర్వాత మూల దగ్గరికి వెళ్ళారు. మేడమ్ అడుగు ముందుకు వెయ్యలేదు.

"ఇక్కడ ఉన్నదంతా ఏమైంది?" అన్నారు.

నున్నటి నేలను ఆ చివరనుంచి ఈ చివరదాకా చూశారు.

"ఎవరు చేశారిది?"

"నేనే మేడమ్" అన్నారు మా ఆయన.

మేడమ్ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "చెట్లు రోడ్డు పక్కన కూడా ఉంటాయి, పిల్లలు రోజూ చూస్తారు. చచ్చిన చెట్టు మట్టిగా ఎలా మారుతుందో చూపించడానికి నాకు ఈ ఊరు మొత్తానికి ఉన్నది అదొక్కటే చోటు. ముట్టుకోవద్దని మీకు చెప్పాను కదా. తలూపారు కూడా" అన్నారు.

"పొరపాటైంది మేడమ్."

ఆఫీసరు చేతిలో కాగితాలు సర్దుకుంటూ, "చెప్పిన మాట వినని మనిషికి గేటు తాళాలు ఎలా అప్పగించమంటారు?" అన్నారు. మేడమ్‌ని అడిగారో ఆయన్ని అడిగారో తెలియలేదు.

అత్తయ్య నా పక్కనే కూర్చుని కాళ్ళకు నూనె రాసుకుంటున్నారు. "చెత్త ఎత్తినందుకు కూడా తిడతారా? ఇదెక్కడి ఉద్యోగం" అన్నారు నెమ్మదిగా. నాకేసి మాత్రం చూడలేదు.

జనవరి 27

అత్తయ్యను బస్సు ఎక్కించాం. ఎక్కేముందు నా చెయ్యి పట్టుకుని, "వాడు కోప్పడితే పడు. కోప్పడకపోతే ఇంకా జాగ్రత్తగా ఉండు" అన్నారు.

ఆయన కోప్పడలేదు.

జనవరి 29

ఏమీ లేదు.

జనవరి 30

ఏమీ లేదు. వంట చేశాను, గిన్నెలు తోమాను.

ఫిబ్రవరి 2

ఆఫీసునుంచి కాగితం వచ్చింది. ఆయన రెండుసార్లు చదివి నాకు చెప్పారు. మార్చి ఒకటినుంచి వేరే మనిషిని పెడుతున్నారు. ఫిబ్రవరి ఇరవై ఎనిమిదికల్లా గది ఖాళీ చెయ్యాలి.

ఆయన చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నారు. నేను కుడతానంటే వద్దన్నారు. అప్పుడు అడిగాను.

"మీరే చేశానని ఎందుకన్నారు?"

"ఇంకేమనాలి?"

"నేను చేశానని."

ఆయన దారం కొరికి తెంపారు. "అంటే వాళ్ళు నిన్ను పిలుస్తారు. అంతమంది ముందు నిలబడి నువ్వు మాట్లాడగలవా? చెప్పు."

నేను ఏమీ చెప్పలేదు.

"చూశావా" అన్నారు. కోపంగా అనలేదు. వాన పడుతోంది చూశావా అన్నట్టు అన్నారు.

ఫిబ్రవరి 3

అత్తయ్య ఆ మాట అనకపోతే నేను ఊడ్చేదాన్నే కాదు.

ఫిబ్రవరి 4

తాడు సంగతి కూడా ఉంది. నాలుగు నెలలు తాడంటే ఒక అర్థం, ఒక్కరోజులో ఇంకో అర్థమైతే ఎవరికి మాత్రం తెలుస్తుంది. నా చోట ఎవరున్నా అలాగే చేస్తారు.

ఫిబ్రవరి 5

నేను విన్నాను.

టీ వడపోస్తూనే విన్నాను. "ఆ తాడు లోపలికి వెళ్ళకు, పుల్ల కూడా కదపొద్దు అన్నారు మేడమ్" అని చెప్పారు. సరేనన్నాను కూడా. ఆవిడ చదువుకున్నావిడ, శుభ్రం సంగతి ఆవిడకేం తెలుసు అనుకున్నాను. ఆఫీసరు వచ్చి, ఈ మూల ఇంత బాగా ఎవరు చేశారు అని అడుగుతారని, మా ఆవిడండీ అని ఆయన అంటారని అనుకున్నాను. ఊడుస్తున్నంతసేపూ ఆ మాటే చెవుల్లో వినపడింది. అత్తయ్య అనకపోయినా ఊడ్చేదాన్నే.

ఇంతే. ఇది రాయడానికి పద్నాలుగు రోజులు పట్టింది.

ఫిబ్రవరి 6

మేడమ్ స్కూలు దాకా వెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ "ఎవరు కావాలమ్మా?" అన్నాడు. ఎవరూ వద్దన్నాను. తిరిగొచ్చేశాను.

ఫిబ్రవరి 7

మళ్ళీ వెళ్ళాను. "నిన్న వచ్చింది మీరే కదా? ఈరోజైనా ఎవరన్నా కావాలా?" అన్నాడు. పిల్లలు అందరూ నాకేసి చూశారు. తిరిగొచ్చేశాను.

ఫిబ్రవరి 9

వాచ్‌మన్ నన్ను చూసి ఏమీ అడగకుండా స్టూలు వేశాడు. కూర్చోలేదు. కూర్చుంటే లేవలేనని భయం. నాలుగున్నరకు మేడమ్ సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చారు. నన్ను దాటి వెళ్ళిపోతున్నారు. వెనకనుంచి అనేశాను.

"మేడమ్, అక్కడ ఊడ్చింది ఆయన కాదు. నేను."

ఆవిడ వెనక్కి తిరిగారు. "ఎక్కడ? మీరెవరు?"

నిజమే, ఆవిడ నన్ను ఎప్పుడూ చూడలేదు. రెండుసార్లు మా గుమ్మం ముందునుంచి నడిచారు, రెండుసార్లూ నేను తలుపు వెనకే ఉన్నాను. చెట్ల దగ్గర కాపలా ఆయన భార్యనని చెప్పాను.

"తాడు ఎందుకు కట్టానో మీకు ఆయన చెప్పలేదా?"

"చెప్పారు."

"మరి?"

"బాగుంటుందనుకున్నాను. మెచ్చుకుంటారనుకున్నాను."

ఆవిడ సంచీ ఈ భుజంమీదనుంచి ఆ భుజంమీదకు మార్చుకున్నారు. బస్సు ఒకటి వచ్చి వెళ్ళిపోయింది. అది ఆవిడదే అనుకుంటాను.

"ఆ మాను అక్కడ ఎన్నాళ్ళుగా పడుందో తెలుసా? మీ పెళ్ళికి ముందునుంచి. మీరు బళ్ళో ఉన్నప్పటినుంచి అయినా అయ్యుండొచ్చు" అన్నారు. తర్వాత, "అంతా కాల్చేశారా?" అని అడిగారు.

"లేదు మేడమ్. గోడ చివర గుంటలో పోశాను. బట్టలు ఆరేసుకుంటాం కదా, పొగ వాసన పడుతుందని కాల్చలేదు."

ఆవిడ ఒక్కసారి నవ్వేశారు. వెంటనే ఆపుకున్నారు. "రేపు పొద్దున్నే వస్తాను. ఆ గుంట చూపించండి. మీ ఆయన గురించి ఆఫీసుకు నేను రాసింది దిద్దుతాను. కానీ మీ గురించి రాయాల్సి వస్తుంది."

"రాయండి" అన్నాను.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. ఆయన పంపు దగ్గర గొట్టం చుడుతున్నారు. చుడుతూనే, "ఏమన్నావు? అన్నది అన్నట్టు చెప్పు" అన్నారు. చెప్పాను. మళ్ళీ చెప్పమన్నారు.

ఫిబ్రవరి 10

మేడమ్ పొద్దున్నే వచ్చారు. గుంటలోకి దిగి, కుప్పను మోచేతి దాకా తవ్వి చూశారు. లోపల వెచ్చగా, తడిగా ఉంది. రోకలిబండ ఒకటి ఆవిడ వేలి చుట్టూ ఉంగరంలా చుట్టుకుంది. "అన్నీ పోలేదు" అన్నారు. నన్ను కూడా పట్టుకోమన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది గాని పట్టుకున్నాను. ఎన్ని కాళ్ళున్నా చెయ్యి మీద నడుస్తున్నట్టే తెలియదు. దారం లాగినట్టుంటుంది.

ఆవిడ ఒక సంగతి చెప్పారు. మొత్తం తిరిగి పొయ్యొద్దట. మూలలో సగానికి ఆకులు, మాను ముక్కలు తెచ్చి పరవాలి. సగం నేను ఊడ్చినట్టే నున్నగా ఉంచాలి. ఏ పక్కకు ఏం తిరిగొస్తుందో పిల్లలు నెలనెలా లెక్కపెడతారు. "ఇంత నున్నగా నేలను గోకడం నావల్ల అయ్యేది కాదు" అన్నారు. మెప్పో దెప్పో తెలియలేదు. రెండూ అయ్యుంటుంది.

ఫిబ్రవరి 13

పదహారు తట్టలు. ఆయన మాను ముక్కలు మోశారు. ఆకులు పైవి పైన, కిందవి కింద ఉండాలట. ఏవి ఏవో నాకు గుర్తున్నంతవరకు పరిచాను. ఊడ్చడానికి సగంరోజు పట్టింది. ఇది మూడు రోజులు పట్టింది. కిటికీలో పెట్టిన తాడు తెచ్చి మళ్ళీ చుట్టూ కట్టాను.

ఫిబ్రవరి 16

నడుం నొప్పి.

ఫిబ్రవరి 20

ఆఫీసరు వచ్చారు. నన్ను పిలిపించారు. తలుపు ఇవతలికి వచ్చి నిలబడ్డాను. మేడమ్ రాసింది పైకి చదివారు. "కాపలాదారు భార్య తనంతట తానుగా వచ్చి చెప్పింది" అని ఉంది.

"నిజమేనా?"

"నిజమేనండి."

"మరి ఇతను అబద్ధం ఎందుకు చెప్పాడు?"

ఆయన తల దించుకున్నారు. నాకు ఏమి చెప్పాలో తోచక ఉన్నది చెప్పాను. "నేను మాట్లాడలేనని."

ఆఫీసరు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. వేరే మనిషిని పెట్టడం ప్రస్తుతానికి ఆపుతామన్నారు. ఇంకో మూడు నెలలు చూస్తారట. ఖాయం మాత్రం కాదు, మళ్ళీ ఇలాంటిది జరిగితే ఇద్దరి మాటా వినేది లేదన్నారు. ఆయన దండం పెట్టారు. ఆఫీసరు వెళ్ళాక, "మూడు నెలలు" అన్నారు నాతో, అదేదో మూడేళ్ళయినట్టు.

ఫిబ్రవరి 26

మేడమ్ కబురు చేశారు. పిల్లలు రాగానే, ఈ పక్క ఇంత నున్నగా ఎలా అయిందని తప్పకుండా అడుగుతారట. "వాళ్ళకు అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆ నిజం నాది కాదు, మీది. మీరు చెబుతారా?" అని కాగితం ముక్కమీద రాశారు. కూడబలుక్కుని చదివాను.

ఆయన, "వద్దంటే నేను వెళ్ళి చెప్పొస్తాను, అదేం తప్పు కాదు" అన్నారు.

నేనే చెబుతానన్నాను. అన్నప్పటినుంచి గిన్నెలు తోముతూ ఏం చెప్పాలో పైకి అని చూసుకుంటున్నాను.

మార్చి 1

నలభై మంది. రెండు బస్సులు. దిగగానే పిచ్చుకల్లా ఒకటే గోల. మూల దగ్గరికి వచ్చి తాడు చుట్టూ కూర్చున్నారు. మేడమ్ ఏమీ చెప్పకుండా, ఏం కనిపిస్తోందో చెప్పండి అన్నారు. ఆకులన్నారు, పుట్టగొడుగన్నారు, ఒకరు చీమల వరసన్నారు. నున్నటి పక్కకు వచ్చేసరికి ఏమీ లేదన్నారు. రెండు జడల పిల్ల ఒకతె లేచి, "ఇటు ఎందుకు ఏమీ లేదు?" అంది.

మేడమ్ నాకేసి చూశారు.

నేను ముందుకు వెళ్ళాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు పట్టుకున్నాను. "నేనే ఊడ్చేశాను" అన్నాను.

"ఎందుకు?"

"శుభ్రంగా ఉంటుందనుకున్నాను."

"వద్దని ఎవరూ చెప్పలేదా?"

"చెప్పారు. విన్నాను. విని కూడా ఊడ్చాను."

వెనక కూర్చున్నవాళ్ళు మోకాళ్ళ మీద లేచి చూశారు. పెద్దవాళ్ళు ఇలా చెప్పడం వాళ్ళెప్పుడూ వినలేదేమో. రెండు జడల పిల్ల కూర్చోలేదు. బాగా ఆలోచించి, "మరి మిమ్మల్ని తిట్టారా?" అంది.

"లేదు."

"ఎవర్నీ తిట్టలేదా?"

"ఆయన్ని తిట్టారు" అని చేత్తో చూపించాను.

నలభై తలలు ఒకేసారి ఆయనవైపు తిరిగాయి. ఆయన పంపు దగ్గర కడిగిన బకెట్టునే మళ్ళీ కడుగుతున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. "పాపం" అంది రెండు జడల పిల్ల. మిగతావాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. లోపలికి వెళ్ళి కాదు, అక్కడే, అందరి ముందే.

తర్వాత లెక్క మొదలుపెట్టారు. ఆకుల పక్క చీమల వరస కాక ఇరవై ఆరు పురుగులు. నున్నటి పక్క రెండు చీమలు, అవి కూడా దారి తప్పి వచ్చాయట. వచ్చే నెల మళ్ళీ లెక్కపెడతారు. నన్ను కూడా ఒక గుంపులో వేశారు.

ఇక రాయను. ఈ పుస్తకం ఎవరికైనా దొరికితే దయచేసి పొయ్యిలో పెట్టెయ్యండి. జనవరిలో రాసినదాంట్లో సగం అబద్ధం. ఉన్నది ఉన్నట్టు కావాలంటే నలభై మంది పిల్లలకు తెలుసు, వాళ్ళను అడగండి.